సయాటికాకు వెన్నులో సూది: 1901 నుంచి నేటిదాకా

నడుములో మొదలై పిరుదు మీదుగా పిక్క దాటి పాదందాకా జివ్వున లాగే నొప్పి సయాటికా. దాంతో రాత్రుళ్లు నిద్రలేక దొర్లుతున్నవారికి డాక్టరు ‘వెన్నులో ఇంజెక్షన్ చేద్దాం’ అనగానే ఆశా భయమూ ఒక్కసారే కలుగుతాయి. రెండూ హద్దులో ఉండాలంటే ఈ సూది ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలి. దాని చరిత్రే ఆ సంగతి చెబుతుంది.

నేపుల్స్ వైద్యుడు దొమెనికో కొతూన్యో 1764లో సయాటికా మీద గ్రంథం వెలువరించి, ఇందులో కీళ్ల నొప్పి వేరు, నరం నొప్పి వేరు అని విడదీశాడు. కానీ నరం దగ్గరికి మందు పంపే దారి వందేళ్లు దాటినా దొరకలేదు. 1884లో కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటికి స్పర్శ తెలియకుండా చేశాక, ఒక్క చోటనే మత్తు ఇవ్వవచ్చని తేలింది. 1901లో పారిస్‌లో సికార్, కాతెలాఁ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారుగా ఒకే దారి పట్టారు. వెన్ను అడుగున, తోక ఎముకకు కాస్త పైన, పలుచని పొర కప్పిన చిన్న సందు ఉంది. ఆ పొరను గుచ్చి సూదిని పైకి పోనిస్తే, వెన్నునీటి సంచికి చిల్లు పడకుండానే దాని వెలుపలి ఖాళీలోకి మందు చేరుతుంది. సంచిలోంచి బయటికొచ్చే నరాల మొదళ్లు ఆ మందులో తడుస్తాయి. సికార్ దీన్ని సయాటికా బాధితులకే వాడాడు.

1930లలో ఇటలీ సర్జన్ దొలియొత్తి నడుము పూసల మధ్య నుంచి అదే ఖాళీని చేరే పద్ధతిని స్థిరపరిచాడు. సిరంజిని బొటనవేలితో నొక్కుతూ సూదిని ముందుకు నడపాలి. పూసలను కలిపే గట్టి సంధిబంధనం దాటగానే వేలి కింది బిగువు చప్పున సడలుతుంది. ఆ సడలింపే చేరామన్న గుర్తు. నేటికీ వైద్యులు దాన్నే నమ్ముకుంటారు.

1934లో బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ జారిన డిస్క్ నరాన్ని నొక్కుతుందని చూపారు. ఒత్తిడే కారణమైతే సూదితో పనేముంది? డిస్క్ లోపలి గుజ్జు నరానికి తగిలితే వాపు, మంట కూడా పుడతాయని తర్వాత తేలింది. 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతానికి కార్టిజోన్ ఇచ్చి చూపిన ఫలితం వాపును అణచే మందును చేతికిచ్చింది. 1952లో ఇటలీలో రొబెక్కి, కాప్రా హైడ్రోకార్టిజోన్‌ను నరం మొదలు దగ్గర ఎక్కించారు. నేటి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు అదే నాంది. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, రంగు మందుతో చోటు సరిచూసుకుని సూది వేయడం ఆ తర్వాతి మెరుగు.

చేతి నేర్పు పెరిగినకొద్దీ ఫలితాన్ని తూచడమూ మొదలైంది. 1997లో 158 మందిపై జరిగిన పరీక్షలో కాలి నొప్పి కొన్నాళ్లు తగ్గింది కానీ ఆపరేషన్ అవసరం తగ్గలేదు. వెన్ను నాళం ఇరుకైన 400 మందిపై 2014లో వచ్చిన అధ్యయనంలో, మత్తు మందుకు స్టెరాయిడ్ కలపడం వల్ల ఆరు వారాలకు పెద్దగా అదనపు మేలు కనబడలేదు. ఇక 2012లో అమెరికాలో ఒక తయారీ కేంద్రం పంపిన కలుషిత స్టెరాయిడ్ వల్ల ఫంగస్ సోకి 60 మందికి పైగా చనిపోయారు. 2014లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ, అరుదుగానే అయినా చూపు పోవడం, పక్షవాతం వంటి ప్రమాదాలు ఉన్నాయని హెచ్చరించింది.

ఇంత చరిత్ర తర్వాత మిగిలేది చిన్నదైనా విలువైన మేలు. జారిన డిస్క్ వల్ల వచ్చే సయాటికా చాలామందిలో వారాల్లో, నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. అందాకా నిద్రపోనిచ్చి, నడవనిచ్చి, వ్యాయామం చేయనిచ్చే గడువు ఈ సూది ఇవ్వగలదు. కాలిలోకి పాకని ఉత్త నడుము నొప్పికి దీనిమీద ఆశ పెట్టుకోకూడదు. పాదం వాలిపోతున్నా, మూత్రం పట్టు తప్పినా ఇంజెక్షన్ కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.