న్యూబ్రిడ్జి ఊరి స్మారక హాలు

ఒక ఊళ్ళో హాలు లేవాలంటే దాని వెనుక ఎన్ని ఏళ్ళ చందాలు, ఎన్ని మీటింగులు, ఎన్ని అలకలు ఉంటాయో మన సంఘ సభ్యులకు మేము చెప్పనవసరం లేదు. ఈ సంచికకు మన జిల్లా సంగతి కాక, ఎక్కడో వేల మైళ్ళ దూరాన బొగ్గుగని కూలీలు కట్టుకొన్న ఒక హాలు కథ వ్రాయదలచాము. కట్టిన కథ కొంతే, అది నిలిచిన కథ ఎక్కువ.

బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతముంది. దాని దక్షిణపు లోయల నిండా ఒకప్పుడు బొగ్గుగనులే. ఎబ్వూ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు న్యూబ్రిడ్జి. అక్కడి గనుల పేరు సెలినెన్. పగలంతా భూమి అడుగున పనిచేసే మనిషికి పైకి వచ్చాక కూర్చోవడానికి చోటుండాలి గదా! సారాయి దుకాణం తప్ప వేరే దారి లేకపోతే ఎట్లా? అందుకని ఆ లోయలలో ఊరూరా కార్మికుల ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. పౌను జీతానికి ఇన్ని పెన్నీలని లెక్కగట్టి కూలీలే వాటికి ఇచ్చుకొనేవారు. పత్రికలు, గ్రంథాలయం, ఉపన్యాసాలు అన్నీ ఆ డబ్బుతోనే. దగ్గరలోని ట్రెడీగర్‌లో అటువంటి గ్రంథాలయంలోనే చదువుకొన్న గని కుర్రవాడు అనూరిన్ బెవన్ తరువాత ఆరోగ్యమంత్రి అయి, 1948లో ఆ దేశ ప్రజలందరికీ ఉచిత వైద్యం ఏర్పాటు చేశాడు. చందా పుస్తకాన్ని తక్కువ చేసి మాట్లాడేవారికి ఈ ముక్క చెప్పవచ్చు.

న్యూబ్రిడ్జి ఇన్‌స్టిట్యూట్ 1908లో తయారయింది. ఆరేళ్ళు తిరిగేసరికి మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. లోయలలోని పడుచువాళ్ళు ఎందరో పోయారు, ఎందరో తిరిగి రాలేదు. చనిపోయినవారి శవాలను స్వదేశానికి తేరాదని, పోయిన చోటనే ఖననం చేయాలని బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయించింది. పేద అయినా గొప్ప అయినా అదే నియమం. అంటే ఆ తల్లికి జనాజా లేదు, వెళ్ళి నాలుగు కన్నీళ్ళు కార్చడానికి దగ్గరలో ఖబరూ లేదు. మన దేశపు సిపాయిలదీ అదే గతి, ఇంకా అన్యాయం కూడా. ఇరాక్‌లోని బస్రా స్మారకం 1929 నాటిది. దానిమీద 40,000 మందికి పైగా లెక్కకు వస్తారు గాని, మన సామాన్య సిపాయిలలో చాలామంది అక్కడ పేరుతో కాక అంకెతోనే ఉన్నారు.

గుర్తు ఏదైనా ఉండాలని ప్రతి ఊరూ అనుకొన్నది. ఏమి గుర్తు అన్నదానిపైనే పేచీ. రాతి స్తంభం నిలబెడితే చాలునని కొందరు, బ్రతికున్నవారికి పనికివచ్చే కట్టడం కావాలని కొందరు బ్రిటన్ అంతటా వాదించుకొన్నారు. చనిపోయినవారి పేర డాన్సులేమిటి, సినిమాలేమిటి అన్న అభ్యంతరం మనకూ సబబుగానే తోచవచ్చు. కాని స్తంభం ఒక రోజు పూలదండకు. హాలు ఏడాది పొడుగునా. న్యూబ్రిడ్జివారు రెండవ దారి పట్టారు. ఇన్‌స్టిట్యూట్ ప్రక్కనే 1924లో స్మారక హాలు లేచింది. క్రింద డాన్సు హాలు, పైన నాటకశాల, సినిమా. జనం ముద్దుగా ‘మెమో’ అన్నారు. మనం షాదీఖానా అన్నట్లే, నోటికి తేలికైన పేరు.

గని నడిచినన్నాళ్ళు హాలూ నడిచింది. ఇక్కడే అసలు చిక్కుంది. హాలుకు దీపం వెలిగేది జీతాలలోని పెన్నీలతో. 1984–85 నాటి పెద్ద సమ్మె ఓడిపోయాక గనులు వరసగా మూతపడ్డాయి. సెలినెన్ కూడా మూతపడింది. జీతమే లేనివాడు చందా ఎక్కడ తెస్తాడు? కప్పు కారింది, గోడలు చెమ్మెక్కాయి. ప్రక్కనే ఓక్‌డేల్ ఊరివారి ఇన్‌స్టిట్యూట్‌ను, 1917లో కట్టినదాన్ని, రాయి రాయి విప్పి కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టి 1995లో తెరిచారు. కట్టడం దక్కింది, బాగానే ఉంది. అయితే చూడడానికి వెళ్ళాలేగాని, ఆ ఊరివారు సాయంత్రం పూట చెప్పులు వేసుకొని వెళ్ళి కూర్చొనే చోటు కాదు.

మెమో కూడా ఆ దారినే పోయేదేమో. 2004లో బీబీసీ టెలివిజన్‌వారు ‘రెస్టొరేషన్’ అని ఒక పోటీ పెట్టారు. శిథిలమవుతున్న పాత కట్టడాలలో దేనిని బాగుచేయాలో ప్రేక్షకులు ఫోనులో ఓటు వేయాలి. న్యూబ్రిడ్జి హాలు వేల్స్ తరఫున చివరి వరకు వెళ్ళింది. బహుమతి మాత్రం బర్మింగ్‌హామ్‌లోని కింగ్స్ నార్టన్ కట్టడాలకు పోయింది. ఓడినా ఊరివారు ఊరుకోలేదు. లాటరీ సొమ్ములోనుంచి వారసత్వ కట్టడాలకిచ్చే గ్రాంటుకు అర్జీలు పెట్టుకొని, పదేళ్ళు తిరిగి, 2014లో తలుపులు మళ్ళీ తెరిచారు. ఊరి గ్రంథాలయాన్ని కూడా ఆ ఇన్‌స్టిట్యూట్ భవనంలోకే తెచ్చి పెట్టారు.