మూడు చుక్కల నేపాళం నూనె: కెమికల్ పీల్ వెనక కథ

ఈరోజు టాపిక్ కెమికల్ పీల్. పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, ఫోన్ తెరిస్తే రీల్స్ అన్నీ ఇవే కదా. ముఖానికి ఏదో పూస్తారు, నాలుగు రోజులకి పాము కుబుసం విడిచినట్టు చర్మం ఊడుతుంది, కింద నుంచి నున్నటి ముఖం బయటికొస్తుంది. ఎంతవుతుంది, ఎక్కడ చేస్తారు, ఎన్ని సిట్టింగులు అని అందరూ అడుగుతున్నారు. అసలిది ఎక్కడ పుట్టింది, ఎవరి ముఖాల మీద పరీక్షించారు అని అడిగేవాళ్లు తక్కువ. నాకైతే ఆ ప్రశ్నే ముఖ్యం అనిపించింది. ఎందుకంటే ఈ కథలో ఒక ఫార్ములా ఉంది. అందులో నిజంగా పని చేస్తున్నది ఏ పదార్థమో వాడుతున్న డాక్టర్లకే దాదాపు 40 ఏళ్లు సరిగ్గా తెలీదు. ఆ పదార్థం మన తాతలకి మాత్రం బాగా తెలుసు. కాకపోతే వేరే పనికి.

ముందు పీల్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. చర్మంలో పై పొర ఎపిడెర్మిస్, దాని కింద డెర్మిస్. పీల్ అంటే ఆ పొరల్ని ఒక రసాయనంతో కావాలనే, లెక్క ప్రకారం గాయపరచడం. అవును, గాయమే. వెంట్రుకల కుదుళ్ల దగ్గర మిగిలిన కణాల నుంచి కొత్త పొర పుడుతుంది, ఇంకా లోతుకి వెళ్తే కొత్త కొల్లాజెన్ కూడా వస్తుంది. ఎపిడెర్మిస్‌లోనే ఆగితే పైపై పీల్, డెర్మిస్ పైభాగం దాకా వెళ్తే మధ్యస్థం, ఇంకా కిందికి దిగితే డీప్ పీల్. మొత్తం ఆట లోతు మీదే. ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

పాతకాలం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈజిప్టులో ఎడ్విన్ స్మిత్ పపైరస్ అని ఒక వైద్య గ్రంథం దొరికింది, సుమారు 3,600 ఏళ్ల నాటిది. జేమ్స్ బ్రెస్టెడ్ అనే పండితుడు 1930లో దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. ముందువైపు అంతా గాయాలు, ఎముకల గురించి సీరియస్ వైద్యం. వెనక్కి తిప్పితే ముసలివాణ్ణి కుర్రాడిగా మార్చే చిట్కా! అంటే యాంటీ ఏజింగ్ మార్కెట్ అప్పటికే ఉందన్నమాట. అందులో వాడిన కాయ చేదు బాదం అయ్యుండొచ్చని తర్వాతి పండితుల్లో కొందరి అభిప్రాయం. ఇవాళ పీల్స్‌లో వాడే మాండెలిక్ యాసిడ్‌కి ఆ పేరు బాదంకాయ నుంచే వచ్చింది. క్లియోపాత్రా పాల స్నానం కథ కూడా మీరు వినే ఉంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, పులిసిన పాలలో లాక్టిక్ యాసిడ్ ఉన్న మాట నిజం. మన ఇళ్లలో పెరుగూ సున్నిపిండీ కలిపి నలుగు పెట్టుకునేటప్పుడు ముఖానికి తగిలేది కూడా అదే యాసిడ్, చాలా తక్కువ మోతాదులో.

అసలు కథ 19వ శతాబ్దంలో మొదలవుతుంది. వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా అనే చర్మవైద్యుడు మచ్చలు తగ్గించడానికి ఘాటైన రసాయనాలు వాడేవాడు. 1882లో జర్మనీ హాంబర్గ్‌లో పాల్ ఉన్నా అనే డాక్టర్ శాలిసిలిక్ యాసిడ్, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్ చర్మం మీద ఏం చేస్తాయో వివరంగా రాశాడు. ఆ చివరిదాన్ని టీసీఏ అంటారు. మీ బాత్రూంలో ఉన్న మొటిమల ఫేస్‌వాష్ వెనక్కి తిప్పి చూడండి, శాలిసిలిక్ యాసిడ్ కనిపించొచ్చు. అందులో ఫినాల్ సంగతి వేరు. అది బొగ్గు తారు నుంచి తీసిన పదార్థం, జోసెఫ్ లిస్టర్ ఆపరేషన్లలో గాయాలకి చీము పట్టకుండా వాడిన కార్బాలిక్ యాసిడ్ అదే. క్రిముల్ని చంపుతుంది, చర్మాన్నీ కాలుస్తుంది.

న్యూయార్క్‌లో జార్జ్ మాక్కీ అనే డాక్టర్ 1903లో మొటిమల గుంటలకి ఫినాల్ వాడటం మొదలుపెట్టాడు. పేపర్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1952లో. మధ్యలో 49 ఏళ్లు! డాక్టర్లు ఇలా నిదానంగా వెళ్తుంటే, బయట వేరే సినిమా నడుస్తోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు తుపాకీ మందుకి కాలిపోయిన సైనికులకి ఫ్రాన్స్‌లో లా గాస్ అనే ఆయన ఫినాల్‌తో చికిత్స చేశాడని, ఆ విద్యని ఆయన కూతురు ఆంటోనెట్ లాస్ ఏంజిలిస్‌కి తెచ్చిందని చెప్తారు. లాస్ ఏంజిలిస్ అంటే హాలీవుడ్. కెమెరా ముందు వయసు కనిపించకూడని ఊరు. అక్కడ డాక్టర్లు కాని పీలర్లు పుట్టుకొచ్చారు. మెడికల్ డిగ్రీ లేదు. చేతిలో ఒక సీసా, అందులో ఏముందో ఎవరికీ చెప్పరు. డబ్బున్నవాళ్లు వారాల తరబడి ఇంట్లోంచి కదలకుండా చేయించుకునేవాళ్లు. ఫ్లోరిడాలో కూడా ఇదే వ్యాపారం. ఫలితాలు మాత్రం కళ్లు తిరిగేలా ఉండేవి, అది ఒప్పుకోవాలి. నోటి చుట్టూ ఉండే లోతైన ముడతలు మాయం. ప్లాస్టిక్ సర్జన్లు ఆ ముఖాలు చూసి ఇదెలా సాధ్యం అని తలలు గోక్కున్నారు. మందు సాధారణంగా ఆస్పత్రి నుంచి వీధిలోకి వస్తుంది. ఇక్కడ రివర్స్: వీధిలోంచి ఆస్పత్రిలోకి వెళ్లింది.

1960ల మొదట్లో మయామీలో థామస్ బేకర్, హోవర్డ్ గోర్డన్ అనే సర్జన్లు ఈ రహస్యాన్ని వైద్య పత్రికల్లోకి తెచ్చారు. బేకర్-గోర్డన్ ఫార్ములా అని దానికి పేరు. ఫినాల్, కొంచెం కుళాయి నీళ్లు, 8 చుక్కల లిక్విడ్ సబ్బు, 3 చుక్కల క్రోటన్ నూనె. పూర్తి కొలతలు కావాలనే చెప్పట్లేదు, ఇంట్లో ఎవరూ కలపొద్దు ప్లీజ్. సీక్రెట్ బయటపడింది, అందరూ ఒకే కొలత వాడుతున్నారు, అంటే సైన్స్ అయిపోయినట్టే కదా? కాలేదు. అప్పుడు నమ్మిన థియరీ ఇది: పని చేసేది ఫినాల్, నీళ్లు కలిపితే అది ఇంకా లోతుకి వెళ్తుంది, సబ్బు అంతా సమంగా పాకడానికి, క్రోటన్ నూనె కాస్త సాయానికి. మూడు చుక్కలు ఎందుకు? రెండేస్తే ఏమవుతుంది? నాలుగేస్తే? ఎవరూ గట్టిగా అడగలేదు.

సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్లకి ఈ సీన్ వెంటనే అర్థమవుతుంది. ప్రొడక్షన్‌లో పాత కోడ్ నడుస్తూ ఉంటుంది. అందులో ఒక లైన్ ఎందుకుందో టీంలో ఎవరికీ తెలీదు. రాసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. నడుస్తోంది కదా, ముట్టుకోకు అంటారు. అలా దాదాపు 40 ఏళ్లు నడిచింది. పైగా చుక్క అంటే ఎంత? డ్రాపర్ మారితే చుక్క సైజు మారుతుంది. మనిషి ముఖం మీద పోసే మందుకి అదీ కొలత.

2000లో లాస్ వేగస్ ప్లాస్టిక్ సర్జన్ గ్రెగరీ హెట్టర్ వరసగా నాలుగు పేపర్లు రాశాడు. ఈ ఫార్ములా ఎవరి నుంచి ఎవరికి చేరిందో, డాక్టర్లు కాని ఆ పీలర్ల దాకా వెనక్కి వెళ్లి తవ్వాడు. ఇంకో పని కూడా చేశాడు. మన భాషలో చెప్పాలంటే ఒక్కో వేరియబుల్ మార్చి టెస్ట్ చేశాడు. క్రోటన్ నూనె తీసేసి ఫినాల్ ఒక్కటే పూస్తే, మామూలుగా వాడే మోతాదుల్లో ఫలితం అంతంతమాత్రం. క్రోటన్ నూనె కొంచెం పెంచితే చాలు, లోతు పెరుగుతోంది, మానడానికి పట్టే రోజులు పెరుగుతున్నాయి. అంటే సాయానికి వచ్చిందనుకున్నదే అసలు హీరో, కాస్త చెయ్యి జారితే అసలు విలన్ కూడా. ఆ మూడు చుక్కలు లెక్కేస్తే సుమారు 2 శాతం. దాన్ని ఎంతో తగ్గించి, చుక్కల్లో కాకుండా మిల్లీలీటర్లలో కొలిచి వాడొచ్చని ఆయన చూపించాడు.

ఇంతకీ క్రోటన్ నూనె అంటే ఏంటి? అది మన నేపాళం గింజల నూనె. సంస్కృతంలో జయపాల, హిందీలో జమాల్‌గోట. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, నేపాళం పేరు వినగానే నవ్వుతారు. ఎందుకంటే అది విరేచనాల మందు, అదీ మామూలుది కాదు. ఆయుర్వేదంలో ఇచ్ఛాభేది అనే విరేచన మందులో పడేది ఇదే, అది కూడా గింజల్ని శుద్ధి చేశాకే. శుద్ధి ఎందుకంటే గింజలో విషం ఉందని వాళ్లకి తెలుసు. ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. హాలీవుడ్ రహస్య సీసాలో ఉన్నది అదే నూనె.

ఇప్పుడు ఇంకో దారి చూద్దాం. 1974లో అమెరికాలో యూజీన్ వాన్ స్కాట్, రూయీ యూ అనే ఇద్దరు ఇక్తియోసిస్ అనే జబ్బు మీద పని చేశారు. చర్మం చేప పొలుసుల్లా గట్టిపడే జబ్బు అది. 60కి పైగా పదార్థాలు పరీక్షిస్తే బాగా పని చేసినవి ఆల్ఫా హైడ్రాక్సీ యాసిడ్లు. చెరకులో గ్లైకాలిక్, పెరుగులో లాక్టిక్, మన చింతపండులో టార్టారిక్, ఇవన్నీ ఆ కుటుంబమే. ఇవి చచ్చిన కణాల మధ్య పట్టు వదిలిస్తాయి. ఇవాళ మన క్లినిక్కుల్లో ఎక్కువగా వాడే గ్లైకాలిక్ పీల్ ఈ లైన్‌లోదే. గమనించండి, ఇది అందం కోసం మొదలవ్వలేదు. పొలుసుల చర్మంతో బతికే రోగుల కోసం మొదలైంది.

ఇందులో శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, పీహెచ్ కూడా చూడాలి. గ్లైకాలిక్ యాసిడ్ పీహెచ్ 3.8 దగ్గర సగం మాత్రమే యాసిడ్ రూపంలో ఉంటుంది. అంతకన్నా పీహెచ్ తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుంది. ఒకే శాతం రాసిన రెండు సీసాలు మీ ముఖం మీద రెండు రకాలుగా ప్రవర్తించొచ్చు. అమెరికాలో 1990ల చివర ఒక నిపుణుల ప్యానెల్ ఇచ్చిన లెక్క ఇది: ఇంట్లో వాడే వాటిలో ఈ యాసిడ్లు 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు. శిక్షణ ఉన్నవాళ్లు సెలూన్‌లో వాడితే 30 శాతం దాకా, పీహెచ్ 3కి తగ్గకుండా, అదీ కాసేపే ఉంచి కడిగేయాలి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 70 శాతం అని గొప్పగా రాసి అమ్మేవి ఒకసారి చూడండి.

ఇక మన విషయానికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పిన ఊర్లు చూశారా? వియన్నా, హాంబర్గ్, న్యూయార్క్, మయామీ. ఈ కొలతలన్నీ ప్రధానంగా తెల్ల చర్మం మీద కుదిరినవి. చర్మాన్ని రకాలుగా విడగొట్టే ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్ 1975లో వచ్చినప్పుడు తెల్లవాళ్లకి నాలుగు రకాలే. గోధుమ, నలుపు రంగు చర్మాల్ని ఐదు, ఆరు అని తర్వాత కలిపారు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు దగ్గర ఉంటాం.

తేడా ఏంటంటే, దోమ కుట్టి గోక్కుంటే మనకి నల్ల మచ్చ పడి నెలలు ఉంటుంది కదా? మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు గాయానికి అలా స్పందిస్తాయి. పీల్ కూడా గాయమే అని మొదట్లో చెప్పాను. మచ్చ పోగొట్టడానికి వెళ్లి అంతకన్నా పెద్ద మచ్చతో వచ్చేది ఇందుకే. డీప్ పీల్ అయితే ఇంకో సమస్య, రంగు శాశ్వతంగా పోవచ్చు. తెల్లవాళ్లలోనే ముఖం మైనంలా పాలిపోయి, దవడ దగ్గర గీత గీసినట్టు కనిపించేది. మన మెడ రంగు పక్కన అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2008లో భారతీయ చర్మవైద్యుల సంఘం మార్గదర్శకాల్లో సూటిగా రాశారు: మధ్యస్థ పీల్స్ చాలా జాగ్రత్తగా చేయాలి, డీప్ పీల్స్ భారతీయ చర్మానికి సిఫార్సు చేయట్లేదు. పైపై పీల్స్ మాత్రం సరిగ్గా చేస్తే మనకీ పని చేస్తాయి. తక్కువ శాతంతో మొదలుపెట్టి, వారాల గ్యాప్ ఇస్తూ, ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాస్తూ. ముహూర్తానికి వారం ముందు పరిగెత్తితే అవన్నీ కుదరవు.

ఫినాల్‌తో గుండెకి కూడా ముప్పుంది. చర్మం నుంచి రక్తంలోకి వెళ్లి గుండె లయ తప్పిస్తుంది, అందుకే చేసేటప్పుడు ఈసీజీ పెట్టి కొంచెం కొంచెంగా, గ్యాప్ ఇస్తూ పూస్తారు. 2024 జూన్‌లో బ్రెజిల్ సావో పాలోలో డాక్టర్ కాని ఒకామె క్లినిక్‌లో ఫినాల్ పీల్ చేయించుకున్న 27 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. అదే నెలలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అన్వీసా, చికిత్సల్లో, బ్యూటీ పనుల్లో ఫినాల్ ఉత్పత్తుల్ని నిషేధించింది. తర్వాతి నెలలో అమెరికా ఎఫ్‌డీఏ కూడా, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఘాటైన పీల్స్ కొని వాడొద్దని జనానికి హెచ్చరిక ఇచ్చింది. డాక్టర్లు కాని పీలర్ల కాలం ముగిసిందని అనుకుంటాం గానీ, సీసా ఇప్పుడు కొరియర్‌లో ఇంటికొస్తోంది.

కాబట్టి మీరు ఎక్కడికైనా వెళ్తే కుర్చీలో కూర్చునే ముందే అడగండి. ఏ యాసిడ్, ఎంత శాతం, ఎంత పీహెచ్, ఎన్ని నిమిషాలు ఉంచుతారు, చేసేది చర్మవైద్యులా కాదా. ఈ మధ్య మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడి ఉంటే, జ్వరపు పొక్కులు వచ్చే అలవాటుంటే, వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. "మా స్పెషల్ ఫార్ములా అండీ, బయటికి చెప్పం" అని సమాధానం వస్తే మాత్రం, బ్యాగ్ తీసుకుని లేచి వచ్చేయండి. సరే మరి, ఉంటాను.