ఎం.జి. రోడ్డులో ఆరని అగ్ని

సికింద్రాబాదు ఎం.జి. రోడ్డులోని పార్సీ అగ్ని ఆలయానికి 2022లో నూట డెబ్బై అయిదేళ్లు నిండాయి. పార్సీలు కానివారు గేటు దాటి లోపలికి వెళ్లరు. అయినా ఈ ఊరి చరిత్ర చెప్పాలంటే ఆ గేటు ముందు ఆగక తప్పదు.

ఆలయం కట్టించినవారు పెస్తోంజీ, విక్కాజీ మెహర్జీ సోదరులు. 1830ల్లో వాళ్లు నిజాం సర్కారుకు అప్పిచ్చే షావుకార్లు. దివాను చందూలాల్ ఖజానా వట్టిపోయినప్పుడు డబ్బు సర్ది, అందుకు బదులుగా బీరారు తాలూకాల శిస్తు వసూలు హక్కు తీసుకున్నారు. అక్కడి పత్తిని బొంబాయికి చేర్చారు. ఔరంగాబాదు టంకశాల వారి చేతికి వచ్చాక, అందులో అచ్చైన రూపాయిని జనం ‘పెస్తోన్‌షాహీ’ అనేవారు. బయటినుంచి వచ్చిన ఒక వర్తకుడి పేరు రాజ్యపు నాణేనికి ఎక్కడం చిన్న విషయం కాదు.

1843లో చందూలాల్ పదవి వదిలాడు. ఆ తర్వాత సర్కారు తాలూకాలను వెనక్కి తీసుకుంది, బాకీ మాత్రం తీర్చలేదు. సోదరుల వ్యాపార కొఠీ కూలింది. సరిగ్గా ఆ గడ్డుకాలంలోనే, 1847 సెప్టెంబరులో, ఈ ఆలయంలో అగ్ని ప్రతిష్ఠ జరిగింది. సంపద పోయింది, అగ్ని నిలిచింది.

ఇక్కడి పార్సీలలో ఎక్కువమంది పాటించే షహెన్‌షాహీ పంచాంగంలో ఏడాదికి సరిగ్గా 365 రోజులే. లీపు దినం లేనందువల్ల నాలుగేళ్లకోసారి నవ్‌రోజ్ ఒకరోజు ముందుకు జరుగుతుంది. ఇప్పుడు ఆగస్టు నడుమ వచ్చే ఆ కొత్త సంవత్సరం 1847లో సెప్టెంబరు చివర వచ్చింది. అంటే కొత్త గుడిలో తొలి ఉగాదికి ఎంతో కాలం ఎదురుచూడాల్సిన పని లేకపోయింది.

పండగనాడు పార్సీ గడపకు పూలతోరణం కడతారు. చిల్లుల రేకు అచ్చుతో ముగ్గు అద్దుతారు; దాన్ని ‘చౌక్’ అంటారు. ధనియాల వాసన, మాంసం, పప్పు కలిసిన ధన్‌సాక్ పార్సీ వంటల్లో అందరికీ తెలిసినదే, కానీ శుభదినాన వండరు. అది చావింట నాలుగోనాటి భోజనం. పండగరోజు తీపికి రవ్వతో ‘రవో’ చేస్తారు.

సంఖ్యలో వీళ్లెప్పుడూ కొద్దిమందే. ఆ కొద్దిమందిలోంచే రూపాబాయి ఫర్దూంజీ వచ్చింది. 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరి, క్లోరోఫాం ఇవ్వడంలో నేర్పు సాధించింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను ఇవాళ గుర్తిస్తున్నారు.

ఊరు కూడా వాళ్లను తనలో రాసుకుంది. వారు మృతదేహాలను ఉంచే దఖ్మా ఉన్న చోటు పార్సీగుట్ట అయింది. బస్సులో ఆ స్టాపు పేరు పిలిచే కండక్టరుకూ, అక్కడ దిగే కాలేజీ పిల్లలకూ అది సొంత పేటే.