కంటిపాపలోని తెల్లని మెరుపు

శరీరమున కంతి పుట్టినచో, దానినుండి చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించుట నేటి వైద్యమున పరిపాటి. ఈ పరీక్షకు 1879లో ఫ్రెంచి వైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే 'బయాప్సీ' యని పేరిడెను. కనురెప్పపై పెరుగు కంతులకు ఇదియే ప్రమాణము. కాని పసిబిడ్డల కంటిలో పుట్టు రెటినోబ్లాస్టోమా యను కంతిలో సూది గ్రుచ్చుట ప్రమాదకరము. సూది వెంట వ్యాధికణములు కంటి వెలుపలికి వ్యాపింపవచ్చును. మరి ముక్క తీయకయే ఈ వ్యాధిని గుర్తించుట వైద్యులెట్లు నేర్చిరి? ఆ చరిత్రనే మేమిచ్చట మనవి చేయుచున్నాము.

స్కాట్లండు శస్త్రవైద్యుడు జేమ్స్ వార్డ్రాప్ 1809లో ఎడింబరో నగరమున ఒక గ్రంథము ప్రకటించెను. వ్యాధిగ్రస్తములైన కన్నులను కోసి చూచి, ఈ కంతి కంటి వెనుక పొరయగు రెటీనాలో పుట్టుచున్నదని ఆయన తేల్చెను. పెందలకడనే కన్ను తొలగించినచో ప్రాణము నిలుపవచ్చునని వాదించెను. అది మత్తుమందు లేని కాలము. బిడ్డను బిగియబట్టి శస్త్రము చేయవలసి యుండెను. క్లోరోఫారము అదే నగరమున 1847లో వాడుకకు వచ్చెను. 1851లో జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్జ్ నేత్రదర్శినిని ప్రకటించుటతో సజీవమైన కంటి లోపలి భాగమును చూచుట సాధ్యమయ్యెను.

పిమ్మట సూక్ష్మదర్శిని వంతు వచ్చెను. 1864లో విర్కో పండితుడు ఈ కంతి నరములకు ఆధారమగు కణజాలమునుండి పుట్టినదని తలచి, 'గ్లయోమా' యనెను. 1891లో ఫ్లెక్స్‌నర్, 1897లో వింటర్‌స్టైనర్ ఇందలి కణములు పూరేకులవలె వలయముగా నమరి యుండుటను వర్ణించిరి. అవి పక్వము కాని రెటీనా కణములని అమెరికా వైద్యుడు వెర్‌హోఫ్ భావించెను. ఆయన సూచించిన 'రెటినోబ్లాస్టోమా' నామమును 1926లో అమెరికా నేత్రవైద్య సంఘము అంగీకరించెను.

ఈ జ్ఞానమంతయు తొలగింపబడిన కన్నులు ప్రసాదించినదే. ముందు నేత్రదర్శినితో చూచినదానిని, పిదప కోసి చూచినదానితో సరిపోల్చి సరిపోల్చి, వైద్యులు చూపుతోడనే వ్యాధిని పోల్చుకొనగలిగిరి. కంతిలోని సున్నపు రేణువులను చూపు అల్ట్రాసౌండు పరీక్షయు వారికి తోడయ్యెను. 1971లో నడ్సన్, రెండు జన్యుఘాతములచే ఈ వ్యాధి కలుగునని ప్రతిపాదించెను. 1986లో ఆ జన్యువు చేజిక్కెను. నేడు మందులతోను, లేజరుతోను పెక్కు కన్నులను నిలుపుచున్నారు. తప్పక తొలగించిన కన్ను మాత్రము నేటికిని పరీక్షాశాలకే పోవును. కంతి నేత్రనాడిలోనికి ప్రాకినదా లేదా యని చూచిన పిమ్మటనే తదుపరి చికిత్సను నిశ్చయింతురు.

సంపన్న దేశములలో ఈ వ్యాధి సోకిన బిడ్డలలో నూటికి 95 మందికి పైగా బ్రతుకుచున్నారు. పేద దేశములలో ఆలస్యముగా చూపించుటచేత అనేకులు మరణించుచున్నారు. ఈ వ్యాధిని మొదట గమనించునది తరచుగా తల్లియే. దీపపు వెలుతురున గాని, ఛాయాచిత్రమున గాని బిడ్డ కంటిపాప పిల్లికన్నువలె తెల్లగా మెరసినచో, క్రొత్తగా మెల్ల కనిపించినచో, దానిని వింతగా చెప్పుకొని ఊరకుండరాదు. ఆ వారముననే నేత్రవైద్యునికి చూపవలెనని మా మనవి.