జఠరమున నశించినది నోటిలో దాగునా?

ఘాటైన ఆమ్లముండు జఠరములో బాక్టీరియాలు బ్రతుకజాలవని వైద్యులు చిరకాలము నమ్మిరి. 1982 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున ఆ నమ్మకము సడలెను. రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు రోగుల జఠరపు పొరనుండి తీసిన ముక్కలలో కనిపించిన మెలికల బాక్టీరియాను పెంచుటకు యత్నించుచుండిరి. రెండు రోజులలో ఏమియు పెరుగని పళ్లెములను పారవేయుట వాడుక. ఈస్టరు సెలవుల మూలమున ఒక పళ్లెము ఐదారు రోజులు ఇంక్యుబేటరులోనే ఉండిపోయెను. దానిలో బాక్టీరియా పెరిగెను! అదియే హెలికోబాక్టర్ పైలోరి. జఠరపుండ్లలో దాని పాత్రను బయలుపరచినందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి లభించెను.

ఈ జీవికి యూరియేజ్ అను ఎంజైము కలదు. అది యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టించును. అమ్మోనియా చుట్టునున్న ఆమ్లమును విరచును. వైద్యులు దీనినే పరీక్షగా మలచుకొనిరి. యూరియాయు, రంగుసూచికయు గల పదార్థములో జఠరపు ముక్కను ఉంచగా రంగు మారినచో, బాక్టీరియా ఉన్నదని గ్రహింతురు.

మందులతో ఇది నశించును. కాని కొందరిలో మరల కనిపించుచుండెను. అంతవరకు ఎక్కడ దాగియుండెను? 1989లో కెనడా పరిశోధకులు ఒక రోగి పంటిపాచినుండి దీనిని పెంచగలిగిరి. 1991లో బొంబాయి వైద్యులు మరింత పెద్ద మాట చెప్పిరి: చికిత్సతో జఠరమున నశించినను పంటిపాచిలో నిలిచియేయున్నదని. పాచి యనగా బాక్టీరియాలు జిగురుతో అల్లుకొన్న దట్టమైన పొర. మ్రింగిన మందు దానిలోనికి చక్కగా చొరదు. కనుక వాదము సబబుగనే తోచెను.

ఇచ్చట విద్యార్థులు కొంచెము ఆగవలెను. ఆ వాదమునకు ముఖ్యాధారము యూరియేజ్ పరీక్ష. నోటిలో యూరియేజ్ గల బాక్టీరియాలు వేరేవియు కలవు. స్ట్రెప్టోకాకస్ సలివేరియస్ అట్టిదే. జఠరమున నమ్మదగిన పరీక్ష నోటిలో మోసగింపవచ్చును. తరువాతి డి.ఎన్.ఏ. పరీక్షలును నోటిలో హెలికోబాక్టర్ జాడలు చూపినవి గాని, చచ్చిన జీవికిని డి.ఎన్.ఏ. ఉండును గదా! సజీవముగా పెంచుట మాత్రము అరుదుగనే సాధ్యపడినది.

2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 7 చిన్న ప్రయోగములను కలిపి పరిశీలించినది. మందులతోపాటు పాచిని, గారను తీసివేసి చిగుళ్లకు చికిత్స చేసినవారిలో, జఠరమునుండి ఈ బాక్టీరియా ఎక్కువమందికి తొలగినట్లు కనబడెను. ప్రయోగములు చిన్నవగుటచే తుదిమాట చెప్పుటకు వీలులేదు. నోరు ఈ జీవికి స్థిరనివాసమా, జఠరమునుండి పైకి వచ్చినపుడు నిలుచు మజిలీ మాత్రమేనా అనునది ఇంకను తేలవలసియున్నది.