అమోనియా శీతలీకరణ: భద్రతా ప్రమాణాలు

గుంటూరు మిర్చి శీతల గిడ్డంగుల్లోనూ, పాల డెయిరీల్లోనూ, రొయ్యల శుద్ధి కర్మాగారాల్లోనూ చల్లదనానికి ఎక్కువగా వాడేది అమోనియా (ఆర్-717). మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ఈ వాయువు ఓజోన్ పొరకు హాని చేయదు, భూతాపాన్ని పెంచదు. మనిషికి మాత్రం విషం. గాలిలో 300 పీపీఎం చేరితే తక్షణ ప్రాణాపాయ స్థాయి కింద లెక్క. ఘాటు వాసన అంతకు చాలా ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను అలవాటుగా తీసిపారేయడమే అసలు ప్రమాదం.

2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లి పాల డెయిరీలో అమోనియా లీకై పలువురు కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. వారిలో ఎక్కువమంది మహిళలు.

భారతదేశంలో యాంత్రిక శీతలీకరణ భద్రతకు ఐఎస్ 660, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 5149 ఆధారం. తేమ తగిలితే అమోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది కనుక పైపులు ఉక్కువే ఉండాలి. కంప్రెసర్ గదికి వాయువును పసిగట్టే సెన్సర్లు, అవి పసిగట్టగానే తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, బయటికి తెరుచుకునే తలుపులు కావాలి. పీడన విడుదల వాల్వు గొట్టం మనుషులు తిరగని ఎత్తులో ముగియాలి. అమోనియా గాలికంటే తేలికే అయినా, ద్రవం చిమ్మినప్పుడు చల్లటి పొగమంచై నేలబారున పాకుతుంది. అందుకే గాలివాటాన్ని చూసి, దానికి అడ్డంగా పరుగెత్తడం కార్మికులందరికీ నేర్పాలి.