బేచిరాగ్ ఇళ్లు

తెలంగాణలో ఏ పాత ఊరికి పోయినా ఒక దయ్యాల కొంప ఉంటుంది. పాత బజారు వెనకనో, చెరువు కట్టకు పోయే తొవ్వలోనో ఉంటుంది. తలుపుకు తాళం ఉంటుంది, లేదా తలుపే ఉండదు. గోడ చీలికలో రావి మొలిచి ఉంటుంది. పొద్దుగూకినంక అటు పోవద్దని పిల్లలకు చెప్తారు. ఎందుకు పోవద్దని అడిగితే నలుగురు నాలుగు కథలు చెప్తారు. గజ్జెల చప్పుడు, ఆడమనిషి ఏడుపు, అర్ధరాత్రి వెలిగే దీపం - అన్నీ ఉంటాయి. ఆ ఇల్లు ఎవరిది, వాళ్లు ఎటు పోయారు అన్న సంగతి మాత్రం ఉండదు.

మేము అడుగుతున్నది ఆ సంగతే.

హుస్నాబాద్ పాత గల్లీల్లో ఇట్లాంటి ఇళ్లను చూపించమని అడిగి మేము తిరిగాం. నిన్నమొన్నటి దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016లో సిద్దిపేట జిల్లాలోకి పోయిన ఊరిది. చూపించిన ఇళ్లలో దయ్యాలు కనపడలేదు గాని చదవాల్సినవి చాలా కనపడ్డాయి. డంగు సున్నం గోడలు, కూలిన దలాన్, మధ్యలో గడ్డి పెరిగిన సెహెన్, గోడలో దీపం పెట్టుకునే తాఖ్. తాఖ్ పైన నూనె దీపం మసి ఇంకా నల్లగా అంటుకుని ఉంది. అక్కడ ఎవరో రోజూ దీపం పెట్టారు. ఒక రోజు పెట్టడం మానేశారు. కథ అక్కడ మొదలు కావాలి. ఊళ్లో మాత్రం దయ్యం దగ్గర మొదలవుతుంది.

'ఆబాద్' అంటే మనుషులతో నిండి కళకళలాడేది. మనుషులు పోయి పాడుబడ్డ ఊరికి నిజాం కాలం రెవెన్యూ కాగితాల్లో ఒక మాట ఉంది: 'బేచిరాగ్'. చిరాగ్ లేనిది, దీపం లేనిది. ఇప్పటికీ తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో జనం లేని గ్రామాన్ని బేచిరాగ్ గ్రామం అనే రాస్తారు. ఎంత మర్యాదైన మాట! అందులో భయం లేదు, శాపం లేదు. దీపం పెట్టే మనిషి లేడు అని మాత్రమే చెప్తుంది. ఊరికి వాడిన ఆ మాటను ఇంటికి కూడా వాడుకుని ఉంటే, ఆ మనిషి ఏమయ్యాడని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. దయ్యాల కొంప అన్నంక ఎవరూ అడగరు.

ఇంకో సంగతి. మా మతంలో చచ్చిపోయిన మనిషి దయ్యమై తిరిగి రావడం లేదు. చనిపోయిన రూహ్ ఖయామత్ దాకా బర్జఖ్‌లో ఉంటుందని మా విశ్వాసం. మాకున్నది జిన్నాతులు. వాళ్లు మనుషుల ఆత్మలు కారు. పొగలేని మంటతో అల్లా పుట్టించిన వేరే జాతి. ఖురాన్‌లో 72వ సూరా పేరే అల్-జిన్. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, చెడ్డవాళ్లూ ఉన్నారు, నమాజు చదివేవాళ్లూ ఉన్నారు. అందుకే మా అమ్మమ్మలు ఖాళీ ఇంట్లోకి పోయేటప్పుడు సలాం చెప్పి పొమ్మనేవాళ్లు. అంటే మా లెక్క ప్రకారం మా పూర్వీకులు దయ్యాలు కాలేరు. అయినా ఊరి కథల్లో తురకోళ్ల ఇంట్లో తురక దయ్యమే ఉంటుంది. బతికి ఉన్నప్పుడు ఊళ్లో పరాయివాళ్లు. చచ్చినంక కూడా సొంత నమ్మకం ప్రకారం పడుకునే హక్కు లేదు.

ఆ దయ్యం ఎప్పుడూ ఆడదే కావడం కూడా ఆలోచించాలి. మా ఇళ్ల జనానా గోడలు ఎత్తుగా ఉండేవి. లోపల ఆడవాళ్లు ఉన్నారని ఊరికి తెలుసు, ముఖం తెలియదు. గోడ దాటి వచ్చింది గొంతు మాత్రమే. బతికినన్నాళ్లు ఒక్కరి కంటికి కనపడనివ్వని మనిషి, చచ్చినంక ఊరందరికీ కనపడుతోంది! ఈ కథను ఇతరులు పుట్టించారని తప్పించుకోలేం. గోడ కట్టింది మా మగవాళ్లే. ఆమె పేరు ఊరికి చెప్పనిది మేమే.

ఇళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి? ఈ ప్రశ్నకు 1948 అని ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు మాలో ఉన్నారు. 1948 పేరే ఎత్తవద్దనేవాళ్లు అవతల ఉన్నారు. రెండూ కుదరవు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మా పెద్దలు దాన్ని 'పోలీస్ యాక్షన్' అంటారు. విమోచన, విలీనం, విద్రోహం - పేరు దగ్గరే ఇప్పటికీ కొట్లాట. అంతకు ముందు జరిగింది దాచాల్సిన పని మాకు లేదు. అదే ఏడాది మార్చి 14న ఈ హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లోనే అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల దళం నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం సైన్యమూ చేసిన హత్యాకాండకు ఆ ఊరి బురుజు ఇంకా సాక్ష్యం. అదే ఆగస్టులో రజాకార్లు హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపారు. ఆయన ముస్లిం, ఉర్దూ జర్నలిస్టు. సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు చంపారు. రజాకార్లు మా అందరి తరఫున కత్తి పట్టారనేవాళ్లు షోయబుల్లాఖాన్ పేరు ఒకసారి తలుచుకోవాలి.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి కదా. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం 1948 నవంబర్, డిసెంబర్‌లలో సంస్థానం తిరిగింది. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ వెంటనే 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది మామూలు పాఠకులకు చూడ దొరకలేదు. అరవై ఐదేళ్లు! ఒక తరం పుట్టి, పెరిగి, ముసలిదై, ఏమీ తెలియకుండానే పోయింది. ఆ తరానికి దొరికిన చరిత్ర దయ్యం కథే.

ఆ నివేదిక అందరికంటే ఎక్కువ నష్టపోయినవని చెప్పింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. కరీంనగర్ ఆ నాలుగింటిలో లేదు. కాబట్టి హుస్నాబాద్‌లో ఖాళీగా ఉన్న ప్రతి ఇంట్లో ఖూనీ జరిగిందని మేము చెప్పం. అట్లా చెప్తే మేము కూడా దయ్యం కథ చెప్పినట్టే అవుతుంది. కాకపోతే భయానికి జిల్లా సరిహద్దు ఉండదు. రాత్రికి రాత్రి హైదరాబాద్ పోయినవాళ్లు ఉన్నారు. బంధువుల ఇంట్లో నాలుగు రోజులు ఉండి వస్తామని పోయి రానివాళ్లు ఉన్నారు. నిజాం సైన్యం రద్దయ్యింది, సిపాయి ఇంటికొచ్చాడు. కచ్చేరిలో ఉర్దూ పోయింది, మున్షీ కూడు పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారు నష్టపరిహారం తీసుకున్నాడు. ఆయన దేవిడిలో పని చేసిన దర్జీ, జట్కావాడు, వంటమనిషి ఏం తీసుకున్నారు? 'అనల్ మాలిక్', ప్రతి ముస్లిమూ పాలకుడే అని చెప్పినప్పుడు వాళ్లు నవాబులు కాలేదు. రాజ్యం పోయినప్పుడు మాత్రం నవాబుల కింద జమకట్టారు. ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ పోయాడు. ఆయన చేసినదానికి జవాబు చెప్పుకునే పని ఇక్కడ ఉండిపోయినవాళ్ల మీద పడింది.

పాకిస్తాన్ పోయినవాళ్ల ఆస్తిని 1950 చట్టం కింద కస్టోడియన్‌కు అప్పజెప్పారు. ఊళ్లో దానికి వేరే అర్థం వచ్చింది. హైదరాబాద్ పోయిన మనిషినీ, బొంబాయి పోయిన మనిషినీ 'పాకిస్తాన్ పోయిండు' అన్నారు. తాళం వేసిన ఇంటికి ఆ ఒక్క మాట చాలు.

అసలు చాలా ఇళ్లను పాడుబెట్టింది కత్తీ కాదు, కస్టోడియనూ కాదు. వారసత్వం. షరియత్ ప్రకారం తండ్రి ఇంట్లో కొడుకులకూ బిడ్డలకూ భార్యకూ హిస్సా ఉంటుంది. ఒక ఇంటికి ఆరుగురు పిల్లలుంటే మూడో తరానికి ముప్పై మంది హిస్సాదార్లు. ఒకరు నిజామాబాద్‌లో, ఒకరు భివండీలో, ఇద్దరు గల్ఫ్‌లో. అమ్మాలంటే అందరి సంతకం కావాలి. బాగు చేయించాలంటే ఎవరి పైసలు? తాళం అట్లనే ఉంటుంది. వాన మాత్రం ఆగదు. దయ్యం పని అని ఊరు చెప్పుకునేది చాలాసార్లు సంతకాలు కూడకపోవడమే.

ఆ ఇంటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. పాత సేత్వార్లు ఉర్దూలోనే రాశారు. మనవడికి ఉర్దూ చదవడం రాదు, ఇప్పుడు బడి తెలుగు లేదా ఇంగ్లీషు. పక్కింటివాళ్లకు రాదు. ఆఫీసులో చదివేవాళ్లు దొరకడం కష్టం. రెండు భాషలూ తెలుసని మాలాంటివాళ్ల దగ్గరికి పాత దస్తావేజులు పట్టుకొస్తారు. చదివి వినిపిస్తే సంగతి బయటపడుతుంది: ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఎవరి బావి. హద్దుల్లో హిందువుల పేర్లు, సాక్షుల్లో హిందువుల పేర్లు. ఆ ఇల్లు ఊరి మధ్యనే, ఊరివాళ్ల సాక్షి సంతకాలతోనే నిలబడింది. ఆ నాలుగు వరుసలు చదవగలిగే మనిషి ఉంటే దయ్యానికి అక్కడ చోటుండదు. చదివేవాడు లేని చోట దయ్యానికి ఒక లాభసాటి ఉద్యోగం కూడా ఉంటుంది. దయ్యాల కొంపకు ధర తగ్గుతుంది.

ఖాళీ ఇళ్లు మావే కావు. దొరల గడీలు ఉన్నాయి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగినంక ఉత్తర తెలంగాణలో గడీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. దొరలు పట్నం చేరుకున్నారు. గడీల్లో గబ్బిలాలు చేరాయి. గడీ దగ్గర కూడా దయ్యాల మాట వినిపిస్తుంది. కాని గడీలో ఏం జరిగేదో ఊరికి తెలుసు. వెట్టి తెలుసు, కొరడా తెలుసు. పాటలున్నాయి, నవలలున్నాయి. గడీ ఎందుకు ఖాళీ అయ్యిందో అయిదో తరగతి పిల్లవాడు చెప్తాడు. మా ఇంటి గురించి చెప్పేవాడు లేడు. తెలుగు సాహిత్యంలో నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథల వంటివి కొన్ని తప్ప, అటు తొంగి చూసినవాళ్లు చాలాకాలం లేరు. 1990ల చివర మా పిల్లలు తెలుగులో రాయడం మొదలుపెట్టినంకనే ఆ తలుపు కొంచెం కదిలింది.

ఇప్పుడు పీర్ల కొట్టం సంగతి చూడండి. ఏడాదంతా తాళం వేసి, చీకటిగా, ఎవరూ ఉండని ఇల్లది. లోపల ఉన్నది చచ్చిపోయినవాళ్ల గుర్తులే - కర్బలాలో చంపబడ్డ ఇమాం హుసేన్, ఆయన వాళ్లు. దయ్యాల కొంపకు కావలసిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. అయినా తెలంగాణలో ఒక్కరూ దాన్ని అట్లా అనరు. ఎందుకంటే మొహర్రంలో దాని తలుపు తెరుస్తారు. సున్నం వేస్తారు, దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, అలావా తవ్వి గుండం రాజేస్తారు. ముస్లింలు ఒక్క ఇల్లు లేని ఊళ్లో కూడా హిందువులే పీర్లను ఎత్తుతారు. ఎవరు చచ్చిపోయారో, ఎవరు చంపారో, నీళ్లు ఇవ్వకుండా ఎట్లా చంపారో పాటలు కట్టి ఏడుస్తారు. పేరు పెట్టి ఏడ్చినవాళ్లు పీర్లయ్యారు. పేరు లేకుండా పోయినవాళ్లు దయ్యాలయ్యారు.

బందగీ కూడా అంతే. 1940లో కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టులో గెలిచిన పేద ముస్లిం రైతు. దేశ్‌ముఖ్ మనుషులు దారి కాచి చంపారు. అంత దారుణంగా చచ్చిన మనిషి దయ్యమయ్యాడని జనం అనలేదు. అమరుడన్నారు. ఆయన కథతో 'మా భూమి' నాటకం వచ్చింది. ఆయన్ని చంపింది ఎవరో, ఎందుకో జనానికి తెలుసు కాబట్టి.

ఢిల్లీలో ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల్లో గురువారం నాడు జనం జిన్నాతులకు అర్జీలు రాసి పెడతారు. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. ఆనంద్ వివేక్ తనేజా అనే పరిశోధకుడు 2017లో దాని మీద పుస్తకం రాశాడు. జిన్నాతులు తరాల తరబడి బతుకుతారని నమ్మకం; మనుషుల దస్తావేజులు పోయినా వాళ్ల జ్ఞాపకం పోదు. సర్కారు మరిచిన చోట జనం జిన్నాతులను సాక్షిగా పెట్టుకున్నారు. మాకు మాత్రం సాక్ష్యానికి జిన్నాతులు అక్కర్లేదు. మనుషులు ఇంకా ఉన్నారు. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు కొద్దిమందే మిగిలారు గాని ఉన్నారు. పక్కింటి హిందూ ముసలవ్వకు ఆ ఇంటి ఆడవాళ్ల పేర్లు తెలుసు. పండుగకు ఏం పంపుకునేవాళ్లో తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ముస్లిం యువకులకు మేము చెప్పేది: మీ ఊళ్లో దయ్యాల కొంప అనే ఇంటికి పట్టపగలు పోండి. కాగితం దొరికితే చదివించండి. ముసలివాళ్లను అడిగి పేర్లు రాసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ల పేర్లు. అందులో జులుం చేసినవాడు ఉన్నా రాయండి, జులుం పడ్డవాడు ఉన్నా రాయండి. తెలుగులో రాయండి, పక్కింటివాళ్లు కూడా చదవాలి. సెక్యులర్ మిత్రులకు చెప్పేది ఇంకా చిన్నది. దయ్యాలు లేవని మాకు పాఠం చెప్పవద్దు, ఆ మాట మాకు తెలుసు. దయ్యం లేకపోతే ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎటు పోయారు - అది అడగడానికి మాతో రండి.